మినా టైపు మిషన్ ఏమైంది? 'డ్రాకులా' చలనచిత్రానుసరణలు – తులనాత్మక పరిశీలన

పరిచయం

ఒక సాహిత్య రచన చలనచిత్రంగా మారినప్పుడు జరిగే మార్పులను గురించి గత పాఠంలో సాధారణంగా చెప్పుకున్నాం. ఈ పాఠంలో ఒకే ఒక నవలను తీసుకొని, దాని ఆధారంగా వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో వచ్చిన సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ నవల ఐరిష్ రచయిత బ్రాం స్టోకర్ 1897లో ప్రచురించిన 'డ్రాకులా'. ఈ నవల చదవనివారికి కూడా డ్రాకులా అంటే ఎవరో తెలుసు. నల్లటి అంగీ, కోరపళ్లు, శవపేటిక, సూర్యరశ్మి తగలగానే బూడిద కావడం. విద్యార్థులు మొదట గమనించవలసింది ఏమిటంటే, ఈ జాబితాలో సగం నవలలో లేదు. స్టోకర్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధిలో నడుస్తాడు. పగటిపూట అతని శక్తులు తగ్గుతాయంతే, ప్రాణం పోదు. అతనికి పొడవైన తెల్లని మీసం ఉంటుంది. ఎండకు చనిపోవడం 1922లో ఒక జర్మన్ సినిమా కల్పించిన విషయం. అంటే మనకు తెలిసిన డ్రాకులా నవల నుంచి కాక అనుసరణల నుంచి వచ్చినవాడు. పరీక్షల్లో "నవలలో డ్రాకులా సూర్యకాంతికి మరణిస్తాడు" అని రాసేవారు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. అది తప్పే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఉపయోగపడే తప్పు.

'వాంపైర్' అనే మాటను ఈ పాఠంలో 'రక్తపిశాచి' అంటున్నాం. 'బేతాళుడు' అనడం లేదు. దానికి కారణం ఉంది. రిచర్డ్ బర్టన్ మన బేతాళ కథలను ఇంగ్లీషులో తిరగరాసి 1870లో ప్రచురించినప్పుడు బేతాళుణ్ని 'వాంపైర్' అని పేరు పెట్టి పరిచయం చేశాడు. బర్టన్‌ను స్టోకర్ స్వయంగా ఎరుగును. కానీ 'చందమామ' చదివి పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు, మన బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని చిక్కు ప్రశ్నలు వేస్తాడే గాని రక్తం తాగడు. మాట ఒక భాష నుంచి మరో భాషకు పోయినప్పుడే ఇంత మారితే, కథ కాగితం మీది నుంచి తెర మీదికి పోయినప్పుడు ఎంత మారుతుందో ఊహించవచ్చు.

కాగితాలతో కట్టిన నవల

అనుసరణలను అంచనా వేయడానికి ముందు మూలం ఎలా నిర్మితమైందో తెలియాలి. 'డ్రాకులా'లో కథను మొదటి నుంచి చివరి దాకా చెప్పే కథకుడు లేడు. నవల అంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు, ఓడ దినచర్య పుస్తకంలోని పుటలు. యువ న్యాయవాది జోనథన్ హార్కర్ ట్రాన్సిల్వేనియాలోని కోటలో షార్ట్‌హ్యాండ్‌లో డైరీ రాస్తాడు. పిచ్చాసుపత్రి నడిపే డాక్టర్ సీవార్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్ మైనపు గొట్టాల మీద మాటల్లో నమోదు చేస్తాడు. మినా బడిలో పాఠాలు చెప్పే యువతి. జోనథన్‌కు సాయపడాలని షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకుంటుంది. ఇందరి దగ్గర విడివిడిగా ఉన్న ఈ కాగితాలన్నిటినీ సేకరించి, తేదీల వరుసలో పేర్చి, టైపు కొట్టేది ఆమె. ఆ పని జరిగేదాకా ఎవరికీ ఏమీ అర్థం కాదు. హార్కర్ చూసిన ముసలి ప్రభువు, విట్బీ రేవుకు కొట్టుకొచ్చిన ఓడ, లూసీకి వచ్చిన వింత జబ్బు, రెన్‌ఫీల్డ్ ఈగలు తినడం, ఇవన్నీ ఒకే కథలోని భాగాలని ఆ టైపు ప్రతి చదివాకే తెలుస్తుంది.

ఈ కాగితాల్లో డ్రాకులా రాసుకున్న డైరీ లేదు. అతని గురించి అతని శత్రువులు చెప్పిందే మనకు తెలుసు. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక అతడు చాలా తక్కువసార్లు ఎదురుగా కనిపిస్తాడు. ఎక్కువగా కనిపించకపోవడమే అతని భయంకరత్వం.

ఇప్పుడు నవలలో కీలకమైన ఒక ఘట్టం చూద్దాం. మినా కాగితాలన్నీ సిద్ధం చేసి ఇచ్చాక, వాన్ హెల్సింగ్, సీవార్డ్, హార్కర్ తదితరులు ఒక నిర్ణయానికి వస్తారు. ఇక మీదట మినాకు ఏమీ చెప్పకూడదు, ఆడమనిషి, తట్టుకోలేదు, ఆమెను రక్షించాలి. ఆమెను గదిలో ఉంచి, తాము మాత్రం డ్రాకులా కొన్న పాడుబడిన ఇంటిని గాలించడానికి వెళతారు. డ్రాకులా మినా దగ్గరికి వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆమె బలహీనపడుతుంటే పక్కనే ఉన్న భర్త అలసట అనుకుంటాడు. అంటే ఆమెను బలి చేసింది వారి రక్షణే. తరువాత వారు పొరపాటు గ్రహించి ఆమెను తిరిగి చర్చల్లో చేర్చుకుంటారు. డ్రాకులా ఏ నది మీదుగా పారిపోతున్నాడో పటాలు, కాగితాలు చూసి తర్కించి చెప్పేది ఆమే.

ఈ పాఠంలో మనం పట్టుకొని వెళ్లే ప్రశ్న ఇది. తరువాత వచ్చిన సినిమాలు మినా విషయంలో ఏమి చేశాయి? నవలలోని మగవాళ్లు కొద్ది రోజులు చేసి పశ్చాత్తాపపడిన పనినే, ఆమెను గదిలో పెట్టి తలుపు వేయడాన్నే, చాలా సినిమాలు శాశ్వతంగా చేశాయని నా అభిప్రాయం. విద్యార్థులు దీనితో ఏకీభవించనక్కరలేదు. అయితే విభేదించేటప్పుడు కూడా దృశ్యాలను ఆధారంగా చూపాలి.

నవల గురించి మరొక్క విషయం. డ్రాకులా ఒక రాత్రి సీవార్డ్ గదిలోకి చొరబడి ఆ కాగితాలను, మైనపు గొట్టాలను కాల్చివేస్తాడు. కానీ మినా ఒకేసారి మూడు ప్రతులు వచ్చేలా టైపు కొట్టింది. ఒకటి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. మంత్రాలు, వెల్లుల్లి, శిలువల మధ్య, ఒక నకలు ప్రతి ఈ కథను కాపాడింది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

అనుమతి లేని అనుసరణ: 'నోస్ఫెరాటు' (1922)

స్టోకర్ లండన్‌లోని లైసియం నాటకశాలలో నటుడు హెన్రీ ఇర్వింగ్ దగ్గర వ్యవహారాలు చూసే మేనేజరు. అందుచేత రంగస్థల హక్కుల విలువ అతనికి బాగా తెలుసు. నవల వెలువడడానికి కొద్ది రోజుల ముందు, 1897 మే 18న, లైసియంలోనే దాని నాటక రూపాన్ని ఒకసారి చదివించాడు. ప్రేక్షకుల కోసం కాదు, హక్కు నమోదు కోసం. 1912లో స్టోకర్ మరణించాక ఆ హక్కులు భార్య ఫ్లోరెన్స్‌కు సంక్రమించాయి.

జర్మనీలోని ప్రాణా ఫిల్మ్ సంస్థ ఆమె అనుమతి తీసుకోలేదు. సంస్థ పేరు మన 'ప్రాణం' నుంచే వచ్చింది. దాని స్థాపకుల్లో ఒకడైన ఆల్బిన్ గ్రావ్‌కు గూఢవిద్యల మీద ఆసక్తి. దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ, రచయిత హెన్రిక్ గాలీన్ పేర్లు మార్చారు. డ్రాకులా ఓర్లాక్ ప్రభువయ్యాడు, జోనథన్ హటర్ అయ్యాడు, మినా ఎలెన్ అయింది. లండన్ స్థానంలో విస్బోర్గ్ అనే కల్పిత జర్మన్ రేవు పట్టణం వచ్చింది. కాలం 1838కి జరిగింది. ఫ్లోరెన్స్ న్యాయస్థానానికి వెళ్లింది. ఈలోగా ప్రాణా దివాళా తీసింది. చివరికి 1925లో ఈ సినిమా ప్రతులన్నిటినీ నాశనం చేయాలని జర్మన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పటికే విదేశాలకు చేరిన ప్రతులు మిగిలిపోబట్టి ఈ రోజు మనం దాన్ని చూడగలుగుతున్నాం. నవలలో డ్రాకులా కాల్చలేకపోయిన ప్రతి ఎలాగో, ఇదీ అలాగే. ఇక్కడ కాల్చమన్నది రచయిత భార్య పక్షం. న్యాయం ఆమె వైపే ఉంది, కళ సినిమా వైపు ఉంది. రెండూ నిజమే.

పేర్లు మార్చినా, మూర్నౌ నవల నిర్మాణాన్ని బాగా అర్థం చేసుకున్నాడు. సినిమా ఒక చరిత్రకారుడు రాసిన విస్బోర్గ్ మహామారి వృత్తాంతంగా మొదలవుతుంది. మధ్యలో ఉత్తరాలు, ఓడ దినచర్య, రక్తపిశాచుల గ్రంథంలోని పుటలు తెర మీద కనిపిస్తాయి. మూకీ సినిమాలో సంభాషణలను ఎలాగూ రాసి చూపాలి. ఆ అవసరాన్ని మూర్నౌ అలంకారంగా మార్చుకున్నాడు. కాగితాలతో కట్టిన నవలకు అక్షరాలు కనిపించే మూకీ సరిగ్గా సరిపోయింది.

మాక్స్ ష్రెక్ పోషించిన ఓర్లాక్ అందగాడు కాదు. బోడితల, గబ్బిలం చెవులు, ముందు రెండు పళ్లు ఎలుక పళ్లలా ఉంటాయి. అతనితోపాటు ఓడలో ఎలుకలు వస్తాయి, వాటితో ప్లేగు వస్తుంది. వీధిలో శవపేటికలు వరుసగా మోసుకుపోయే దృశ్యాన్ని ఎలెన్ కిటికీలోంచి చూస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా ముగిసి నాలుగేళ్లు కూడా గడవని జర్మనీలో ఆ దృశ్యం ఎలా తాకి ఉంటుందో ఊహించండి. కరోనా కాలం చూసిన మనకు ఊహ కూడా అక్కరలేదు.

ఒక అభ్యంతరాన్ని ఇక్కడే చెప్పాలి. వంకర ముక్కుతో, తూర్పు నుంచి, ఎలుకలతో, రోగంతో వచ్చే పరాయివాడి ఈ రూపం అప్పటి యూదు వ్యతిరేక వ్యంగ్యచిత్రాలను పోలి ఉందని పలువురు విమర్శకులు చూపారు. రచయిత గాలీన్ స్వయంగా యూదుడు. కాబట్టి ఉద్దేశపూర్వకంగా చేశారని చెప్పడం కష్టం. కానీ చిత్రం చేసే పని చిత్రకారుడి ఉద్దేశంతో ఆగదు. ఈ సినిమాను మెచ్చుకుంటూనే ఆ అసౌకర్యాన్ని వెంట ఉంచుకోవడం మంచి పాఠకుడి లక్షణం.

మరి మినా స్థానంలో ఉన్న ఎలెన్? ఆమెకు టైపు మిషన్ లేదు, చదివే అలవాటు ఉంది. భర్త తెరవవద్దన్న పుస్తకాన్ని ఆమె తెరుస్తుంది. నిష్కల్మషమైన స్త్రీ రక్తపిశాచిని కోడికూత దాకా తన దగ్గర నిలిపి ఉంచగలిగితే అతడు నశిస్తాడని అందులో చదువుతుంది. ఎవరికీ చెప్పకుండా ఆ పని చేస్తుంది. ఓర్లాక్ నీడ మెట్లెక్కి, ఆ నీడ చెయ్యి ఆమె గుండె మీద పిడికిలి బిగించే దృశ్యం సినిమా చరిత్రలో నిలిచిపోయింది. తెల్లవారుతుంది, ఓర్లాక్ పొగగా మారతాడు, ఎలెన్ చనిపోతుంది. వాన్ హెల్సింగ్‌కు బదులు వచ్చిన ప్రొఫెసర్ బుల్వర్ మాంసాహార మొక్కల గురించి పాఠం చెప్పడం తప్ప ఏమీ చేయడు, చివరికి ఆలస్యంగా వస్తాడు. మూర్నౌ స్త్రీకి నిర్ణయాధికారం ఇచ్చాడు, బతికే అధికారం ఇవ్వలేదు. నవలలో మినా బతుకుతుంది, బిడ్డను కంటుంది.

నాటకశాల నుంచి వచ్చిన డ్రాకులా (1931)

అమెరికాలో యూనివర్సల్ సంస్థ హక్కులు కొని, టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో తీసిన 'డ్రాకులా' నిజానికి నవలకు అనుసరణ కాదు, నాటకానికి అనుసరణ. హామిల్టన్ డీన్ 1924లో ఇంగ్లండ్‌లో ఆడించిన నాటకాన్ని, జాన్ బాల్డర్‌స్టన్ 1927లో న్యూయార్క్ కోసం తిరగరాశాడు. రంగస్థలం మీద ఓడలు, తోడేళ్లు, కొండదారులు సాధ్యం కావు. ఒక పెద్దింటి ముందుగది సాధ్యం. కనుక డ్రాకులా ఆ గదిలోకి అతిథిగా రావలసి వచ్చింది. అతిథిగా రావాలంటే మర్యాదస్తుడై ఉండాలి, సాయంత్రపు సూటు వేసుకోవాలి. డ్రాకులా అంటే మనకు గుర్తొచ్చే ఆ దుస్తులు రంగస్థల అవసరం నుంచి పుట్టాయి.

న్యూయార్క్ నాటకంలో ఆ పాత్ర వేసిన హంగేరియన్ నటుడు బేలా లుగోసి సినిమాలోనూ వేశాడు. అతని మాట నెమ్మది, యాస పరాయిది. ఒక్కో మాటను తూచి వదిలినట్టుంటుంది. అతని కోరలు ఒక్కసారి కూడా కనిపించవు. భయమంతా చూపులో, గొంతులో ఉంది. టాకీలు వచ్చి కొన్నేళ్లే అయిన రోజుల్లో గొంతే కొత్త ఆయుధం. కోటలోని మొదటి భాగం ఇప్పటికీ అద్భుతంగా ఉంటుంది. లండన్ చేరాక మాత్రం సినిమా కూర్చుండిపోతుంది. మనుషులు సోఫాల్లో కూర్చుని, జరిగింది చెప్పుకుంటారు. డ్రాకులా మరణం కూడా మనకు కనిపించదు, మూలుగు మాత్రం వినిపిస్తుంది. ఇక్కడి మినా సోఫా మీద వాలి ఉండే బాధితురాలు. కాగితం లేదు, టైపు లేదు, పటం లేదు. తెలిసినవాడు వాన్ హెల్సింగ్ ఒక్కడే, మిగిలినవారు అతని శ్రోతలు.

తులనాత్మక అధ్యయనానికి ఈ సినిమా ఒక అరుదైన అవకాశం ఇస్తుంది. పగలు బ్రౌనింగ్ బృందం చిత్రీకరించిన సెట్లలోనే, రాత్రిపూట జార్జ్ మెల్ఫర్డ్ దర్శకత్వంలో మరో బృందం స్పానిష్ భాషలో అదే కథను చిత్రీకరించింది. డబ్బింగ్ ఇంకా స్థిరపడని రోజులవి. కార్లోస్ విల్లరియాస్ డ్రాకులాగా, లుపిటా టోవర్ కథానాయికగా నటించారు. కథ అదే, గోడలు అవే, మెట్లు అవే. ఇంగ్లీషు సినిమా సుమారు 75 నిమిషాలు, స్పానిష్ సినిమా సుమారు 104 నిమిషాలు. స్పానిష్ సినిమాలో కెమెరా ఎక్కువగా కదులుతుంది, కథానాయిక ఎక్కువగా బతికి ఉంటుంది. లుగోసి వంటి నటుడు మాత్రం అందులో లేడు. వీలైతే కోట మెట్ల మీద డ్రాకులా మొదటిసారి ఎదురయ్యే దృశ్యాన్ని రెండింటిలోనూ వెంటవెంటనే చూడండి. ఒకే కథ, ఒకే స్థలం ఉన్నా 'దర్శకత్వం' అనే మాటకు అర్థం ఏమిటో ఆ రెండు దృశ్యాలు చెప్పినంతగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

ఇంట్లోనే ఉన్న శత్రువు (1958)

ఇంగ్లండ్‌లోని హామర్ సంస్థ 1958లో టెరెన్స్ ఫిషర్ దర్శకత్వంలో తీసిన 'డ్రాకులా'తో రక్తం ఎర్రబడింది. నలుపు తెలుపుల్లో రక్తం ఒక చీకటి మరక మాత్రమే. ఇక్కడ ఎర్రటి కళ్లు, కోరలు, పెదవి అంచున కారే రక్తం రంగుల్లో కనిపిస్తాయి. క్రిస్టఫర్ లీ పోషించిన డ్రాకులా తొలి దృశ్యాల్లో హార్కర్‌తో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడి, ఆ తరువాత సినిమా అంతా మాట్లాడడు. లుగోసి గొంతుతో చేసినదాన్ని లీ ఒడ్డూ పొడుగుతో, వేగంతో చేశాడు.

జిమ్మీ సాంగ్‌స్టర్ రాసిన స్క్రీన్‌ప్లే నవలను నిర్మొహమాటంగా కత్తిరించింది. ఓడ లేదు, ఇంగ్లండ్ లేదు, రెన్‌ఫీల్డ్ లేడు. హార్కర్ గ్రంథాలయ ఉద్యోగిగా నటిస్తూ వచ్చిన వేటగాడు, త్వరగా చనిపోతాడు. లూసీ హార్కర్‌కు కాబోయే భార్య. మినా ఆమె అన్న ఆర్థర్ భార్య. పీటర్ కుషింగ్ వేసిన వాన్ హెల్సింగ్ తన గమనికలను ఫోనోగ్రాఫ్‌లో మాట్లాడి నమోదు చేస్తాడు. నవలలోని సీవార్డ్ యంత్రం అతని చేతికి వచ్చింది. దాన్ని విని టైపు కొట్టిన మనిషి మాత్రం రాలేదు.

అయినా ఈ సినిమాలో నాకు ఎంతో విలువైనదిగా తోచే మార్పు ఒకటి ఉంది. ఆర్థర్, వాన్ హెల్సింగ్ రాత్రంతా ఇంటి బయట చలిలో నిలబడి మినాకు కాపలా కాస్తారు. తెల్లవారేసరికి ఆమె రక్తం పోయి పడి ఉంటుంది. డ్రాకులా ఎలా లోపలికి వచ్చాడు? అతడు రానక్కరలేదు. అతని శవపేటిక ఆ ఇంటి నేలమాళిగలోనే ఉంది. నవలలో స్టోకర్ చెప్పిన విషయాన్ని, అంటే మగవాళ్ల కాపలాయే ఆమెకు ప్రమాదమైందన్న విషయాన్ని, ఏ కాగితమూ లేకుండా ఒక ఇంటి నిర్మాణంతో చెప్పారు. కథను ఇంతగా మార్చిన సినిమా కథ మర్మాన్ని ఇంత దగ్గరగా పట్టుకుంది. 'విధేయత' అంటే సంఘటనలను యథాతథంగా ఉంచడమే అనుకునేవారికి ఇది నా జవాబు.

చివర వాన్ హెల్సింగ్ బల్ల మీద పరుగెత్తి, దూకి, తెరను చించి వెలుగును లోపలికి రప్పిస్తాడు, రెండు కొవ్వొత్తి స్తంభాలను శిలువగా పట్టుకుంటాడు. డ్రాకులా బూడిదవుతాడు. ఈ దృశ్యంలో సెన్సారు కారణంగా కోతపడిన కొన్ని క్షణాలు దశాబ్దాల తరువాత జపాన్‌లో భద్రపరచిన ఒక ప్రతిలో దొరికి, పునరుద్ధరించిన సినిమాలో చేరాయి. ఇక్కడా ఎక్కడో మిగిలిన ఒక నకలే ఆదుకుంది.

ఆలోచించండి: మీరు చూసిన ఏదైనా భయానక చిత్రంలో, స్త్రీని 'రక్షించడానికి' తీసుకున్న నిర్ణయమే ఆమెకు ఆపద తెచ్చిన సందర్భం ఉందా? ఆ దృశ్యంలో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆమెను అడిగారా? పది వాక్యాలలో రాయండి.

చనిపోలేనివాడు (1979)

వెర్నర్ హెర్జోగ్ 1979లో మూర్నౌ సినిమాను తిరిగి తీశాడు. నాజీల కాలం తన తరానికి తండ్రులను లేకుండా చేసిందనీ, తాతల తరం సినిమాతో తాను బంధం కలుపుకోవాలనుకున్నాననీ అతడు చెప్పుకున్నాడు. అప్పటికి నవల మీద హక్కుల గడువు తీరింది. కనుక డ్రాకులా పేరు డ్రాకులాకు తిరిగి వచ్చింది. జోనథన్ భార్య పేరు మాత్రం ఇక్కడ లూసీ. క్లౌస్ కిన్‌స్కీ ముఖం మాక్స్ ష్రెక్ ముఖమే, ఆ ముఖం వెనక ఉన్నది వేరు. ఇతడు అలసిపోయినవాడు, ముసలితనం రాక, చావు రాక విసిగినవాడు. ప్రేమ అడుగుతాడు, దొరకదని తెలిసీ అడుగుతాడు.

ఇజబెల్ అజానీ నటించిన లూసీ అన్ని అనుసరణల్లోకీ తెలివైన స్త్రీ అని చెప్పవచ్చు. ఊరికి ప్లేగు తెచ్చింది ఎవరో ఆమెకు తెలుసు. ఇంటింటికీ తిరిగి చెబుతుంది, ఎవరూ వినరు. ఈ సినిమాలోని వాన్ హెల్సింగ్ శాస్త్రం పేరుతో నమ్మనివాడు. చావు ఖాయమని తెలిసిన జనం పట్టణ కూడలిలో బల్లలు వేసుకుని, చుట్టూ ఎలుకలు తిరుగుతుండగా, చివరి విందు చేసుకుంటారు. ఆ దృశ్యం ముందు ఏ కోరపళ్లూ పనికిరావు. లూసీ ఎలెన్ లాగే తనను అర్పించుకుంటుంది. కానీ హెర్జోగ్ ఆ త్యాగాన్ని ఫలించనివ్వలేదు. వాన్ హెల్సింగ్ ఆలస్యంగా కళ్లు తెరిచి డ్రాకులా గుండెలో మేకు దించితే, హత్యానేరం కింద పట్టుకోవాలంటారు. పట్టుకోవడానికి పోలీసు లేడు, పెట్టడానికి జైలు అధికారి లేడు, అందరూ చనిపోయారు. ఈలోగా జోనథనే రక్తపిశాచిగా మారి గుర్రమెక్కి వెళ్లిపోతాడు. తెలిసిన మనిషి మాట వినని ఊరికి ఏం జరుగుతుందో ఇంతకంటే కఠినంగా చెప్పిన సినిమా ఈ వరుసలో లేదు.

శీర్షికలో స్టోకర్ పేరు (1992)

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా తన సినిమాకు 'బ్రాం స్టోకర్స్ డ్రాకులా' అని పేరు పెట్టాడు. మూలానికి విధేయంగా ఉంటానని అందులో ఒక వాగ్దానం ఉంది. పైపైన చూస్తే వాగ్దానం నిలిచింది. ఇతర సినిమాలు వదిలేసిన అమెరికన్ క్విన్సీ మోరిస్ ఉన్నాడు, లూసీని కోరిన ముగ్గురూ ఉన్నారు. డైరీలు, ఉత్తరాలు, పటాలు తెర మీద ఒకదాని మీద ఒకటి తేలుతాయి. ముసలి డ్రాకులా లండన్ వచ్చి యువకుడవుతాడు, పగలు వీధిలో నడుస్తాడు. మినా టైపు మిషన్ కూడా కనిపిస్తుంది! కంప్యూటర్ ప్రభావాలను పక్కనపెట్టి, తొలినాటి సినిమావాళ్లు వాడిన నీడలు, అద్దాలు, వెనక్కి తిప్పిన రీళ్ల కిటుకులతోనే మాయలు చేశారు. డ్రాకులా మినాను తీసుకువెళ్లే చోట అప్పుడే పుట్టిన సినిమా ప్రదర్శన జరుగుతుంటుంది. నవలా సినిమా ఒకే కాలంలో పుట్టాయని గుర్తు చేసే ఆ దృశ్యం నాకు చాలా ఇష్టం. ఎయికో ఇషియోకా రూపొందించిన దుస్తులకు ఆస్కార్ వచ్చింది.

కానీ కథ గుండె మారిపోయింది. సినిమా 1462లో మొదలవుతుంది. వ్లాద్ అనే యోధుడి భార్య ఎలిసబెటా అతడు చనిపోయాడన్న అబద్ధపు వార్త నమ్మి ప్రాణం తీసుకుంటుంది. నాలుగు వందల ఏళ్ల తరువాత ఆమే మినాగా పుట్టింది. పోయిన ప్రియురాలి పోలికలను వెతకడం 1974లోనే డాన్ కర్టిస్ టెలివిజన్ అనుసరణలో వచ్చింది, కొపోలా దాన్ని పూర్తి ప్రేమకథ చేశాడు. స్టోకర్ నవలలో ఇది ఒక్క అక్షరం లేదు. స్టోకర్ తొలి గమనికల్లో ఈ పాత్ర పేరు 'వాంపిర్ ప్రభువు'. 'డ్రాకులా' అనే పేరు అతడు విట్బీ గ్రంథాలయంలో చూసిన ఒక పాత చరిత్ర పుస్తకంలో దొరికింది. చారిత్రక వ్లాద్ గురించి నవలలో ఉన్నది అతి తక్కువ.

పునర్జన్మ ప్రేమలు మన ప్రేక్షకులకు కొత్త కావు కనుక ఈ మార్పు మనకు సహజంగా తోస్తుంది. అందుకే కొంచెం ఆగి చూడాలి. నవలలో మినా మీద జరిగింది దౌర్జన్యం. భర్త పక్కన ఉండగానే డ్రాకులా ఆమెను లొంగదీసి తన రక్తం తాగిస్తాడు. ఆమె తనను తాను అపవిత్రమైనదానిగా తలచి కుమిలిపోతుంది. కొపోలా సినిమాలో అదే ఘట్టం ఆమె కోరుకున్న కలయిక అవుతుంది. స్త్రీ కోరికను గుర్తించారు కదా అని కొందరంటారు, ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆమె కోరికకు కారణం కూడా పూర్వజన్మలో ఆమె అతని భార్య కావడమే. ఈ జన్మలో ఆమె ఎంచుకున్నది ఏముంది? మరో దృశ్యం చూడండి. జోనథన్‌ను పెళ్లి చేసుకోవడానికి ఓడలో వెళుతూ మినా తన డైరీలోని పుటలను చించి సముద్రంలో వదులుతుంది. చూడడానికి అందమైన దృశ్యం. నవలలోని మినా ఒక్క చిత్తుకాగితం కూడా పారేయదు. ప్రతి ముక్కా ఎప్పుడో అవసరమవుతుందని ఆమెకు తెలుసు. ఆమె తెలివి అంతా అదే. స్టోకర్ పేరును శీర్షికలో పెట్టుకున్న సినిమా, స్టోకర్ మినాకు ఇచ్చిన పనిని సముద్రం పాలు చేసింది. గ్యారీ ఓల్డ్‌మన్ నటన ఎంత గొప్పదైనా, ఈ లెక్క సరిపోదు.

మళ్లీ ఎవరి భయం?

విమర్శకుడు స్టీఫెన్ అరాటా 1990లో ఈ నవలను ఒక కొత్త కోణంలో చదివాడు. ఇంగ్లండ్ ఇతర దేశాలకు చేసినది ఎవరో తిరిగి ఇంగ్లండ్‌కు చేస్తారేమోనన్న భయం ఇందులో ఉందన్నాడు. డ్రాకులా లండన్ రావడానికి ముందు ఆ దేశపు భాష, చట్టాలు, రైలు సమయాలు నేర్చుకుంటాడు. భూమి కొంటాడు. స్థానికుల రక్తం తాగి తనవారిగా మార్చుకుంటాడు. నవల వెలువడిన 1897 విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్ల ఉత్సవం జరిగిన సంవత్సరం. ఆ ఉత్సవమూ ఆ ఏడాది కరువూ కలిసి గుర్తున్న దేశం నుంచి చదివేవారికి, ఎవరు ఎవరి రక్తం తాగారన్న ప్రశ్న ఉపమానంగా మిగలదు. నవల చివర జోనథన్ డ్రాకులా మెడ మీద దించే కత్తి కుక్రీ. అది సామ్రాజ్యం గూర్ఖాల నుంచి అందుకున్న ఆయుధం. ఈ కుక్రీని ఏ దర్శకుడైనా తెర మీద గట్టిగా పట్టించుకుంటే బాగుండేది. ఎండలో బూడిదయ్యే ముగింపు చూడడానికి బాగుంటుంది గనుక చాలామంది అటే పోయారు.

రాబర్ట్ ఎగర్స్ 2024లో మళ్లీ 'నోస్ఫెరాటు' తీశాడు. అతని ఓర్లాక్‌కు నవలలోని మీసం తిరిగి వచ్చింది. ఎలెన్ చిన్ననాటి ఒంటరితనంలో తానే అతణ్ని పిలిచిందని ఈ సినిమా అంటుంది. ఆమె మాటను పిచ్చిగా కొట్టిపారేసే వైద్యులు, మిత్రులు చుట్టూ ఉన్నారు. చివరికి ఆమె మళ్లీ తెల్లవారే దాకా అతణ్ని నిలిపి ఉంచి చనిపోతుంది. 1922లో మొదలైన ఆ చావు నూరేళ్లు దాటినా ఆగలేదు.

నవల ముగింపులో ఏడేళ్ల తరువాత జోనథన్ ఒక చిన్న గమనిక రాస్తాడు. తమ దగ్గర ఉన్న కాగితాల్లో అసలు పత్రం అనదగినది దాదాపు ఏదీ లేదనీ, ఉన్నదంతా టైపు కొట్టిన కట్ట మాత్రమేననీ, దీన్ని సాక్ష్యంగా ఎవరూ నమ్మరనీ ఒప్పుకుంటాడు. అసలు కాలిపోయింది, నకలు మిగిలింది. ఆ నకలు కొట్టిన వేళ్లు మినావి. ఆమె ఆ పని చేస్తుండగా కెమెరా ఆమె బల్ల దగ్గర ఒక పూట కూర్చున్న సినిమా మాత్రం ఈ పాఠంలో చూసినవాటిలో ఒక్కటీ లేదు.